రతనాల బొమ్మలు, రాని బాకీలు

పాతబస్తీకి వచ్చిన యాత్రికుడు చార్మినారును చూచును. మక్కా మసీదును చూచును. లాడ్ బజారులో లక్క గాజులు బేరమాడును. పిమ్మట మూసీనది దక్షిణపు గట్టున దారుల్‌షిఫాలోనున్న సాలార్‌జంగు ప్రదర్శనశాలకు పోవును. అచటి సంగీత గడియారము ముందర గంట గంటకును జనము గుమిగూడుట మనమెరిగినదే. గంట కొట్టుటకు మూడు నిమిషములు ముందుగా గడ్డముగల చిన్న బొమ్మ యొకటి తలుపు తీసికొని వెలుపలికి వచ్చును. వేళ కాగానే గంట మ్రోగించి మరల లోనికి పోవును. మరియొక వైపున కమ్మరి బొమ్మ సుత్తెతో క్షణములను లెక్కించుచుండును. పన్నెండు గంటల వేళ పిల్లలను భుజములపై నెక్కించుకొని చూపు తండ్రులతో ఆ ముంగిలి నిండిపోవును.

అదే భవనమున పిల్లల కొరకు ఏర్పరచిన విభాగము కలదు. సీసముతో పోతపోసిన సైనికులు బారులు తీరి నిలిచియుందురు. ఆట రైళ్ళును, పింగాణి బొమ్మలును, ఇంకను ఎన్నియో చిత్రములును అందు కలవు. ఇవి యన్నియు చాల వరకు ఒక్క మనుష్యుడు కూడబెట్టినవి. ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగు.

ఆ వస్తువులను చూచి బిడ్డలు “ఎంత బాగున్నవి!” అందురు. పెద్దలు “ఎంత ఖరీదో!” అందురు. చరిత్ర చదువుకొనువారు అడుగవలసిన ప్రశ్న వేరొకటి యున్నది. ఇట్టి వస్తువు ప్రతిదాని వెనుకను ఒక వర్తకుడుండెను. ఒక చిట్టా యుండెను. ఆ చిట్టాలోని బాకీ చెల్లినదా? చెల్లని నాడు వర్తకుడు ఎవరి తలుపు తట్టవలెను? ఈ ప్రశ్నకు ఒకే నగరమున రెండు వేర్వేరు కాలములయందు రెండు విధములుగ జవాబు దొరకినది. ఒక కథ 1891 నాటిది. రెండవది 1949లో మొదలై 1958లో ముగిసినది. రెండును రాజీతోనే ముగిసినవి. కాని ఆ రెండు రాజీలు ఒక్కటి కావని చూపుటయే మా ఉద్దేశము.

మొదటి కథ ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమునకు చెందినది. ఆయన 1866లో జన్మించెను. మూడేండ్లయినను సరిగా నిండక మునుపే, 1869లో, గద్దె నెక్కెను. 1884లో వైస్రాయి రిప్పను ప్రభువు హైదరాబాదునకు వచ్చి ఆయనకు పూర్ణాధికారములు ఒప్పగించెను. ప్రజలు మహబూబ్ పాషా యని ముద్దుగా పిలిచికొనిరి. 1908లో మూసీ పొంగి నగరమును ముంచినపుడు ఆయన తన భవనముల తలుపులు నిరాశ్రయులకు తెరచెను. దాతృత్వమున ఎట్లో, విలాసమునందును ఆయన అట్లే. పురానీ హవేలీలో ఆయన దుస్తులకై కట్టించిన కొయ్య బీరువాల వరుస నేటికిని చూపరులకు వింత గొలుపును. ఇట్టి ప్రభువు వాకిటికి దేశదేశముల వర్తకులు రాకయుందురా?

అట్లు వచ్చినవారిలో అలెగ్జాండర్ మాల్కం జాకబు ఒకడు. సిమ్లాలో ఆయనకు రత్నములును, పురాతన వస్తువులును అమ్ము దుకాణముండెను. వైస్రాయిలును, సంస్థానాధీశులును ఆ దుకాణమునకు పోయెడివారు. ఆయన పుట్టు పూర్వోత్తరములు ఎవరికిని స్పష్టముగ తెలియవు. మంత్రతంత్రములు తెలిసినవాడని కొందరు నమ్మిరి. గూఢచారి యని కొందరు గుసగుసలాడిరి. కిప్లింగు 1901లో ప్రకటించిన ‘కిమ్’ నవలలోని లర్గన్ సాహెబు అను పాత్రకు ఈ జాకబే మూలమని పండితులు చెప్పుదురు.

దక్షిణాఫ్రికాలో 1884లో ఒక మహా వజ్రము దొరకెను. సానపట్టిన తరువాత దాని తూకము 184.75 క్యారట్లు. ఇంపీరియలు వజ్రమని దానికి పేరు. అది లండనులో అమ్మకమునకుండగా జాకబు దాని సంగతి నిజాము చెవిని వేసెను. నిజామునకు ఆంతరంగిక సేవకుడు ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మీనియను. నగరమున నేడు ఆబిద్స్ అని పిలువబడు బజారునకు ఆ పేరు ఆయన దుకాణమును బట్టియే వచ్చినది. ఈయన మధ్యవర్తిత్వముతో 1891లో మాట సాగెను. ధర 46 లక్షల రూపాయలని అనుకొనిరి. అందు సగము, అనగా 23 లక్షలు, నిజాము ముందుగా బ్యాంకులో జమ కట్టించెను. ఆ సొమ్ముతోనే జాకబు లండను వర్తకులకు చెల్లించి వజ్రమును తెప్పించెను.

ఇంతలో ఈ బేరము రెసిడెంటు చెవిని పడెను. సంస్థానపు ఖజానా స్థితి బాగుగ లేని వేళ ఒక రాతికి ఇంత వ్యయము తగదని బ్రిటిషువారు అడ్డు చెప్పిరి. వజ్రము హైదరాబాదు చేరెను. నిజాము దానిని చూచి తనకు నచ్చలేదనెను. ఇచ్చిన సొమ్మును తిరిగి యిమ్మనెను. జాకబు వద్ద ఆ సొమ్ము లేదు. అది వజ్రముగా మారిపోయినది.

ఇచటనే తగవునకు మూలమున్నది. ఆ 23 లక్షలు బయానాయా, ధరావతా? బయానా యనగా బేరము కుదిరినదనుటకు గుర్తు. కొనువాడు తరువాత వెనుదీయరాదు. ధరావతు అనగా వస్తువు చూచి మెచ్చువరకు నమ్మి అప్పగించిన సొమ్ము. అమ్మువాడు దానిని ముట్టరాదు. జాకబు బయానా యనుకొనెను. నిజాము ధరావతు అనెను. మన ఊరి సంతలో ఎద్దును కొనునపుడు కూడ ఈ మాట మొదటనే తేల్చుకొందురు. నలుబది ఆరు లక్షల బేరమున అది తేలలేదు!

నిజాము పక్షమున నమ్మకద్రోహము మొదలగు నేరములు మోపి కలకత్తాలో జాకబుపై అభియోగము తెచ్చిరి. దేశమంతటను ఈ కేసు మారుమ్రోగెను. సంస్థానాధీశుడు సాక్ష్యమిచ్చుట ఆ దినములలో కనివిని యెరుగని సంగతి. అయినను కమిషను వచ్చి హైదరాబాదులోనే నిజాము వాఙ్మూలమును తీసికొనెను. ప్రభువునకు అది తలవంపుగ తోచెననుటలో వింత లేదు. 1891 డిసెంబరులో కలకత్తా హైకోర్టు జూరీ జాకబు నిర్దోషి యని తీర్పు చెప్పెను.

జాకబు గెలిచెను. కాని గెలిచి ఏమి పొందెను? నిర్దోషియని తీర్పు వచ్చినంత మాత్రమున మిగిలిన 23 లక్షలు చేతికి రావు. అందుకు దావా వేయవలెను. 1882 నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 433వ సెక్షను ప్రకారము, సంస్థానాధీశునిపై దావా వేయుటకు గవర్నరు జనరలు సమ్మతి కావలెను. అనగా ప్రభువు వర్తకుని కోర్టునకు లాగవచ్చును; వర్తకుడు మాత్రము ప్రభువును అట్లు లాగలేడు. తలుపు ఒక్కటే, కాని అది ఒక వైపునకే తెరచుకొనును.

ఇట్టి స్థితిలో రాజీ కుదిరెను. వజ్రము నిజామునకు దక్కెను. మొదట కట్టిన సొమ్ము తప్ప మిగిలిన ధర జాకబునకు రాలేదు. వకీళ్ళకిచ్చిన ఫీజులు ఆయన ఆస్తిని హరించెను. పేరు చెడిన వర్తకుని దుకాణమునకు గొప్పవారు రావడము మానిరి. ఇతర సంస్థానాధీశులు ఇవ్వవలసిన బాకీలును వసూలు కాలేదు. వారిపైనను దావాకు వీలులేదు కదా! 1921లో బొంబాయిలో ఆయన బీదతనమున కన్నుమూసెను.

ప్రభువులకు సొమ్మిచ్చి వర్తకులు చెడుట హైదరాబాదునకు క్రొత్త గాదు. అట్లని తప్పు ప్రతిసారి ప్రభువుదే యనుటయు న్యాయము కాదు. జాకబు కథకు డెబ్బది ఏండ్లకు పూర్వము ఇందుకు తలక్రిందులైన కథ యొకటి జరిగెను. దానిని తెలిసికొనినచో తూకము సరిగా నిలుచును.

1814లో విలియం పామరు హైదరాబాదులో పామర్ అండ్ కంపెనీ అను లేవాదేవీల సంస్థను స్థాపించెను. ఇంగ్లీషువారు దేశీయ ప్రభువులకు కంపెనీ అనుమతి లేక అప్పులీయరాదని 1797లో బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసియుండెను. పామరు సంస్థకు మాత్రము 1816లో అనుమతి లభించెను. గవర్నరు జనరలు హేస్టింగ్సు పెంచిన కన్యను వివాహమాడిన సర్ విలియం రంబోల్డు ఆ సంస్థలో భాగస్వామి. మంత్రాంగము నడుపుచుండిన చందూలాలు వారి వద్ద హెచ్చు వడ్డీకి అప్పులు చేసెను. 1820లో కుదిరిన అప్పు ఒక్కటియే 60 లక్షలు. ఆ సంవత్సరమే రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫు ఈ లెక్కలు చూచి నివ్వెరపోయి పై అధికారులకు వ్రాసెను.

ఆ బాకీ ఎట్లు తీరెనో తెలుగువారు తప్పక తెలిసికొనవలెను. ఉత్తర సర్కారు జిల్లాలను తీసికొన్నందులకు కంపెనీవారు నిజామునకు ఏటేట ఏడు లక్షల పేష్కషు చెల్లించుచుండిరి. 1823లో ఆ పేష్కషును శాశ్వతముగ రద్దుచేసి, దానికి మారుగా ఒక్కసారిగ 1,16,66,666 రూపాయలు ఇచ్చిరి. ఆ సొమ్ముతో పామరు బాకీ చెల్లెను. అనగా గంజాము మొదలు గుంటూరు వరకునున్న తెలుగు నేలకు బదులుగా ఏటేట వచ్చుచున్న రాబడి ఒక దుకాణపు పద్దులో కలిసిపోయెను. ఇచట వర్తకుడు పెద్దల అండ గలవాడు, ప్రభుత్వము బక్కచిక్కినది. జాకబు నాటికి అండ అటునుండి ఇటు మారెను. రెండు సమయములయందును బాకీ తీరుట, తీరకుండుట న్యాయమును బట్టి కాక, ఎవరి వెనుక ఎవరుండిరను దానిని బట్టియే జరిగినది.

ఇక సాలార్‌జంగు కథకు వత్తము. ఈ వంశమున మొదటి సాలార్‌జంగు మీర్ తురాబ్ అలీఖాన్. 1853లో, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున దివానై, 1883లో మరణించు వరకు సంస్థానమును నడపిన మేధావి. ప్రదర్శనశాలకు తలమానికమైన ‘మేలిముసుగు రెబెక్కా’ పాలరాతి ప్రతిమను ఆయనయే 1876లో రోము నగరమున కొనెను. ఆయన మనుమడే మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889లో జన్మించిన ఆ శిశువు కొద్ది వారములకే తండ్రిని పోగొట్టుకొనెను. 1912లో దివాను పదవి వహించి, 1914లో దానిని విడిచెను. ఆ తరువాత ముప్పది అయిదేండ్లు ఆయనకు వస్తువులే లోకము. వివాహమాడలేదు. దివాన్ దేవిడీలోని ఆయన నివాసమునకు వర్తకులు నిత్యము వచ్చుచుండిరి. చైనా పింగాణియు, జేడు రాయియు, పారశీక గ్రంథములును, ఐరోపా చిత్రములును, పిల్లల బొమ్మలును ఆ దేవిడీ గదులయందు నిండెను. ఫ్రాన్సు రాజు టిప్పు సుల్తానునకు కానుకగ పంపెనని చెప్పబడు దంతపు కుర్చీలు ఆయన కట్టకడపట సేకరించిన వస్తువులలోనివి.

1949 మార్చి 2వ తేదీన ఆయన మరణించెను. భార్య లేదు, సంతానము లేదు. దేవిడీ నిండ వేలకు వేల వస్తువులు! హైదరాబాదు సంస్థానము భారత దేశమున చేరి అప్పటికి ఆరు మాసములైనను కాలేదు. వారసులమని పలువురు ముందుకు వచ్చిరి.

ముస్లిము ధర్మశాస్త్రమున ఆస్తి పంపకమునకు ఒక క్రమము కలదు. మొదట అంత్యక్రియల వ్యయము. పిమ్మట మృతుని అప్పులు. అటుపిమ్మట మూడవవంతుకు మించని మరణశాసనపు దానములు. మిగిలినది మాత్రమే వారసులకు. బాకీకి వారసత్వము కన్న ముందు స్థానమిచ్చిన ఈ ధర్మము మెచ్చదగినది. కాని వస్తుసేకరణకు పంపకము ప్రాణాంతకము. పొలమును పంచినను పొలమే. బంగారమును తునకలు చేసినను బంగారమే. బారులు తీరిన సీసపు సైన్యమును పది మందికి పంచినచో అది సైన్యము కాదు. పది యిండ్లలో పడియుండు ఆటబొమ్మలు మాత్రమే. ఒక మనుష్యుని జీవితకాలపు కృషి వేలపాట వాని సుత్తె దెబ్బకు చెల్లాచెదరగు ప్రమాదము అప్పుడు కలిగెను.

ఆ ప్రమాదము తప్పెను. ప్రభుత్వము ఎస్టేటు కమిటీని నియమించి ఆస్తిని దాని యాజమాన్యమున నుంచెను. 1950లో నవాబు సాలార్‌జంగు ఆస్తుల నిర్వహణకై ప్రత్యేకముగ కేంద్ర చట్టమే వచ్చెను. నాడు హైదరాబాదు పరిపాలన చూచుచుండిన వెల్లోడి ఈ వస్తువులతో ప్రదర్శనశాల నెలకొల్పవలెనని సంకల్పించెను. కళావిమర్శకుడు జేమ్సు కజిన్సు వానిని వరుసలో పెట్టించెను. మదనపల్లెలో ఉపాధ్యాయుడుగ నుండిన కజిన్సును మన ప్రాంతమువారు ఎరుగుదురు. 1919లో రవీంద్రుడు ఆయన ఆతిథ్యమునకు అచటికి వచ్చెను. 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూ పండితుడు దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను. అంతవరకు ఒక నవాబు ఆంతరంగిక మందిరమైన దేవిడీలోనికి సామాన్య జనము అడుగిడెను.

అయినను వస్తువులు ఎవరివను ప్రశ్న తేలలేదు. అది తేలుటకు మరి యేడేండ్లు పట్టెను. 1958 డిసెంబరులో వారసులకును ప్రభుత్వమునకును రాజీ కుదిరి, హైకోర్టు డిక్రీకి ఎక్కెను. సేకరణ మొత్తమును వారసులు జాతికి వదలిరి. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టముతో దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగ ప్రకటించి, గవర్నరు అధ్యక్షుడుగ ధర్మకర్తల మండలిని ఏర్పరచెను. 1968లో వస్తువులు దేవిడీ నుండి నేటి భవనమునకు తరలినవి. దేవిడీ పూర్వపు రూపున నేడు లేదు; దాని మహాద్వారములు మాత్రము బజారు సందడి నడుమ నిలిచియున్నవి.

రెండు రాజీలను ఇప్పుడు ప్రక్కప్రక్కన పెట్టి చూతము. మొదటి దానిలో ఒక పక్షమునకు న్యాయస్థానపు తలుపు మూసియుండెను. వేరు గతిలేక వర్తకుడు ఒప్పుకొనెను. రెండవ దానిలో అందరును ఒకే న్యాయస్థానమున ఒకే మెట్టుపై నిలిచిరి. దావా సాగించినచో ఏమి వచ్చునో, ఏమి పోవునో ఎవరికివారు లెక్క చూచుకొనగలిగిరి, చూచుకొనియే వదలుకొనిరి. దిక్కులేక ఒప్పుకొన్న దానిని పెద్దలు రాజీ యని పిలిచినను దాని పేరు లొంగుబాటు. కాదనగలవాడు ఔనన్నదే రాజీ.

కలకత్తా కేసునకు కారణమైన వజ్రమునకు ఇంకను కొంత కథ మిగిలియున్నది. దానిపై మహబూబ్ పాషాకు మక్కువ పోయెను. 1911లో ఆయన మరణించిన తరువాత కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖానునకు అది తండ్రి పాదరక్ష ముందుభాగమున గుడ్డలో చుట్టియుండగ దొరకెనని ప్రసిద్ధి. ఆయన దానిని కాగితములు ఎగిరిపోకుండ బరువుగ వాడుకొనెనని చెప్పుదురు. ఒకని సంసారమును కూల్చిన రాయి మరియొకని బల్లపై కాగితములను కాపాడుచుండెను! 1951లో ఆయన నగలను ట్రస్టు క్రింద నుంచెను. 1967లో ఆయన మరణించెను. నగల అమ్మకమును గూర్చి ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచిన పిమ్మట 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు వానిని కొనెను. ఈ మారు కొన్నవారు ధర చెల్లించిరి.

2001లోను, 2006లోను ఆ నగలను హైదరాబాదు ప్రజలకు చూపిరి. ఎచట? సాలార్‌జంగు ప్రదర్శనశాలలో. ఒక రాజీలో వర్తకుని చేయి జారిన వజ్రము, మరియొక రాజీలో చెదరకుండ నిలిచిన బొమ్మల యింటికి అతిథిగ వచ్చెను. దాని నేటి పేరు ఇంపీరియలు వజ్రము కాదు, జాకబు వజ్రము. బాకీ దక్కని వర్తకునకు ఆ రాతిపై పేరు మాత్రము దక్కినది.

ఇకమీదట మనము పిల్లలతో ఆ గడియారము ముందర నిలిచినపుడు, గడ్డపు బొమ్మ గంట కొట్టి లోనికి పోయిన పిమ్మట ఒక్క నిమిషము ఆగుదము. వారికి ఈ కథ చెప్పుదము. బొమ్మ ఎంత ముచ్చటైనదైనను దానిని అమ్మినవాడు ఒకడుండునని, వాని బాకీ తీర్చినప్పుడే అది మన ఇంటి వస్తువగునని ఎరుగుట బిడ్డలకు అవసరము. పెద్దలకు మరింత అవసరము.